పెద్దమావయ్య ప్రశ్నకి జవాబు, నీ పేర

కొవ్వూరు

చి. శ్రీనుకి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అంతా కులాసా. నాన్నగారి మోకాలు ఎప్పటిలాగే. దసరా తర్వాత నీ గొంతు వినలేదు. నిష్ఠూరం కాదు, షిఫ్టులు మారుతుంటాయని తెలుసు. చిట్టి ఏదో అంది. అది ఎప్పుడూ సగం విని పూర్తిగా చెబుతుంది కాబట్టి పట్టించుకోలేదు. ఈ ఉత్తరం దాని గురించి కాదు.

గ్రూపులో పెద్దమావయ్యకీ నీకూ జరిగిన దాని గురించి. "వాతావరణం ఎప్పుడు మారలేదు? మంచుయుగాలప్పుడు బొగ్గు ఎవడు కాల్చాడు?" అన్నాడాయన. "అంతా మాలాంటి సిమెంటు ఫ్యాక్టరీల వల్లే" అని పెట్టేసి నువ్వు గ్రూపులోంచి వెళ్ళిపోయావు. ఆయన అడిగింది మంచి ప్రశ్న. జవాబు చెప్పకుండా లేచిపోవడం బాగోలేదు, పైగా నువ్వన్నదీ లెక్కకి నిలవదు. ఆయనకి విడిగా రాస్తే చదవడు. నీకు రాస్తున్నాను, నువ్వు చెప్పు.

మంచుయుగాలు భూమి నడక వల్ల వచ్చాయి. కక్ష్య కాస్త గుండ్రంగా, కాస్త కోలగా మారుతూ ఉండటానికి సుమారు లక్ష ఏళ్ళు. అక్షం వాలు 22.1, 24.5 డిగ్రీల మధ్య ఊగడానికి 41 వేల ఏళ్ళు. ఆ అక్షమే మెల్లగా దిక్కు మార్చుకోవడం వల్ల ఏ ఋతువులో సూర్యుడికి దగ్గరగా ఉంటామన్నది మారడానికి 23 వేల ఏళ్ళ చిల్లర. ఈ మూడూ కలిపి సెర్బియా వాడు మిలాంకోవిచ్ చేత్తోనే లెక్కకట్టాడు. ఉత్తరాన వేసవి ఎండ తగ్గితే చలికాలపు మంచు పూర్తిగా కరగదు, ఏటికేడు పేరుకుంటుంది. ఇప్పుడు వాలు 23.4, తగ్గుతోంది కూడా. ఈ లెక్కన మనం బహు నెమ్మదిగా చల్లబడుతూ ఉండాలి. 150 ఏళ్ళలో డిగ్రీకి పైగా వేడెక్కడం ఆ లెక్కలో ఎక్కడా ఇమడదు.

మావయ్య అక్కడితో ఊరుకోడు. అప్పట్లో ముందు వేడి పెరిగి, తర్వాత కార్బన్ డయాక్సైడ్ పెరిగిందంటాడు. నిజమే. కక్ష్య మొదలుపెట్టింది, వేడెక్కిన సముద్రం వాయువుని వదిలింది, ఆ వాయువు వేడిని ఇంకా పెంచింది. 180 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళ గాలిలో 180 పాళ్ళు, అక్కణ్ణుంచి 280 దాకా అలాగే ఎక్కింది. ఇప్పుడు సముద్రం వదలడం లేదు, మనం వదిలిన దాంట్లో పావు వంతు మింగుతోంది. అందుకే దాని నీరు ఆమ్లం వైపు జరుగుతోంది.

సూర్యుడి సంగతి తొందరగా తేలిపోతుంది. వాతావరణం పైన చదరపు మీటరుకి 1361 వాట్లు. 11 ఏళ్ళ చక్రంలో అది మారేది వెయ్యింట ఒక వంతు, అంటే సుమారు 1 వాటు. భూమి గుండ్రం కాబట్టి 4తో భాగించి, తిరిగి పోయే 30 శాతం తీసేస్తే మిగిలేది 0.2 చుట్టూనే. కార్బన్ డయాక్సైడ్‌కి సూత్రం వేరు: ఇటీవలి 424 పీపీఎంని పాత 280తో భాగించి, దాని సహజ సంవర్గమానాన్ని 5.35తో గుణించు: 2.2 వాట్లు. దాదాపు పది రెట్లు. 1978 నుంచి ఉపగ్రహాలు కొలుస్తున్నాయి, సూర్యుడిలో పెరిగే ధోరణి కనిపించలేదు. ఇంకో గుర్తుంది. సూర్యుడే కారణమైతే పైపొర స్ట్రాటోస్ఫియర్ కూడా వేడెక్కాలి. అది చల్లబడుతోంది. కింద వేడిని పట్టి ఉంచే వాయువే, పైన పలచటి గాలిలో వేడిని అంతరిక్షంలోకి వదిలేస్తుంది. సూర్యుడు వేసే ముద్ర ఇది కాదు.

రాత్రి షిఫ్టులో భోజనం ఎన్నింటికి చేస్తున్నావు? క్యాంటీన్ పెరుగు పుల్లగా ఉంటుందన్నావు, మానెయ్. మజ్జిగ నువ్వే తోడు వేసుకో.

అగ్నిపర్వతాలు. మన పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో కొట్టే నల్లరాయి లావానే, దక్కన్ ప్రవాహాల కాలందే. 6.6 కోట్ల ఏళ్ళ కిందట, లక్షల ఏళ్ళ పాటు సాగిన వ్యవహారం అది. అంతటిది వాతావరణాన్ని మార్చగలదు, కాదనను. కానీ ఇప్పటి అగ్నిపర్వతాలన్నీ కలిపి ఏడాదికి వదిలే కార్బన్ డయాక్సైడ్ మనుషులు కాల్చే ఇంధనాల నుంచి వచ్చేదాంట్లో నూటికి ఒక వంతు చుట్టూ. మనది ఏడాదికి సుమారు 3,700 కోట్ల టన్నులు. పెద్ద పేలుడు వెంటనే చేసేది చల్లబరచడమే. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినతుబో పేలి కోటిన్నర టన్నులకి పైగా సల్ఫర్ డయాక్సైడ్‌ని పైకి చిమ్మింది. అది సన్నటి తుంపరై ఎండని అడ్డుకుని, ఏడాదీ రెండేళ్ళ పాటు ప్రపంచ ఉష్ణోగ్రతని అర డిగ్రీ దాకా తగ్గించింది.

ఈ అగ్నిపర్వతం మాటకి కీలింగుల సంగతి చెప్పాలి. కాస్త పొడుగే, అడ్డు రాకు. ఛార్లెస్ డేవిడ్ కీలింగ్ అని అమెరికా రసాయన శాస్త్రవేత్త. 1958 మార్చిలో హవాయిలో మౌనా లోవా వాలు మీద, 3,400 మీటర్ల ఎత్తున, పరారుణ కిరణాలతో కొలిచే యంత్రం పెట్టాడు. స్తంభం మీంచి గాలిని గొట్టంతో లాగి, ముందు తేమని గడ్డకట్టించి తీసేయాలి. నీటి ఆవిరి కూడా ఆ కిరణాల్నే పీల్చుకుంటుంది, ఉంచితే అంకె తప్పుతుంది. మధ్యమధ్యలో, ఎంత ఉందో ముందే తేల్చిన సిలిండర్ గాలి పంపి యంత్రాన్ని సరిచూడాలి. మొదటి రోజు అంకె 313 పీపీఎం. మే దాకా పెరిగింది, తర్వాత శరదృతువు దాకా తగ్గింది, మళ్ళీ పెరిగింది. ఉత్తరార్ధగోళంలో చెట్లు చిగిర్చి పీల్చుకోవడం, రాలి కుళ్ళి వదలడం. ప్రకృతి చేసే పని అంకెల్లో అంత స్పష్టంగా అంతకుముందు ఎవరూ చూడలేదు. మరుసటి ఏడు అదే వంపు, కానీ కాస్త పైన. ఆ తర్వాత ఏడు ఇంకాస్త పైన.

అగ్నిపర్వతం మీద కూర్చుని కొలిస్తే అంతే వస్తుంది కదా అంటాడు మావయ్య. రాత్రుళ్ళు గాలి వాలు మీంచి దిగేటప్పుడు బిలం వాయువులు నిజంగానే వస్తాయి. అప్పుడు అంకె ఎగిరి గంతులేస్తుంది, నిలకడగా ఉండదు. ఆ గంటల్ని తీసి పక్కన పెడతారు. ఏ అగ్నిపర్వతమూ దగ్గర లేని దక్షిణ ధ్రువంలోనూ అదే ఎగుబాటు. 1964లో డబ్బు ఆగి కొలతే కొంతకాలం నిలిచిపోయింది, గ్రాఫులో ఆ ఖాళీ ఇప్పటికీ కనపడుతుంది. ఆయన మానలేదు. 2005లో పోయేదాకా చేశాడు.

కొడుకు రాల్ఫ్ ఆక్సిజన్ పట్టుకున్నాడు. గాలిలో అది నూటికి 21 పాళ్ళు. అందులో ఏడాదికి పది లక్షలకి నాలుగు పాళ్ళ తగ్గుదలని కనిపెట్టాలి, అంత సున్నితమైన పద్ధతిని తనే తయారుచేసుకున్నాడు. ఎందుకంటే, అగ్నిపర్వతం నుంచో సముద్రం నుంచో వచ్చిన కార్బన్ డయాక్సైడ్ అయితే ఆక్సిజన్ తగ్గక్కర్లేదు. ఏదో కాలితేనో కుళ్ళితేనో తగ్గుతుంది. తగ్గుతోంది, అదీ మనం కాల్చిన బొగ్గూ చమురూ లెక్కకి సరిపడేంత. దానికి తోడు, బొగ్గులో కార్బన్-14 అనే రకం కార్బన్ ఉండదు. 5,730 ఏళ్ళకి సగమైపోయే పదార్థం కోట్ల ఏళ్ళ బొగ్గులో ఏం మిగులుతుంది? గాలిలో దాని పాలు పలచబడటం అందుకే. తండ్రి పోయాక ఆ కొలతనీ రాల్ఫే చూసుకుంటున్నాడు. 2022 నవంబరులో పర్వతం పేలి లావా దారినీ కరెంటునీ కోసేస్తే, యంత్రాన్ని పక్క పర్వతం మౌనా కియా మీద పెట్టి కొనసాగించారు. కొలతలు అంటే ఇష్టమున్నవాళ్ళు ఉద్యోగం మధ్యలో వదిలి పోరు. ఊరికే అన్నానులే.

పసిఫిక్ సముద్రం పైభాగం అప్పుడప్పుడూ వేడెక్కే ఎల్ నీన్యో ఒకటుంది. అది సముద్రంలో ఉన్న వేడిని గాలిలోకి తెస్తుంది, ఒక జేబులోది ఇంకో జేబులోకి. ఆ ఏడు ఎండలు మండుతాయి, తర్వాత తగ్గుతాయి. 1986 గోదారి వరదని మావయ్య ఎప్పుడూ తెస్తాడు. ఒక్క వరద దేన్నీ రుజువు చేయదు, దేన్నీ కొట్టేయదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే 7 శాతం ఎక్కువ తేమ మోయగలదు, అంతవరకే చెప్పు.

ఇక నీ మాట. "అంతా ఫ్యాక్టరీల వల్లే." ప్రపంచ కార్బన్ డయాక్సైడ్‌లో సిమెంటు వాటా 7, 8 శాతం. చిన్నది కాదు, అంతా కాదు. మన చేలో నిలవ నీళ్ళ కింద గాలి అందక గడ్డి కుళ్ళి పుట్టే మీథేన్ కూడా మనిషి పనే. అది వరి కాండంలోని గాలి దారుల్లోంచి పైకొస్తుంది. సత్తిరాజుకి చెప్పాను: 30 సెంటీమీటర్ల పీవీసీ గొట్టం ముక్కకి కింది సగం బెజ్జాలు పెట్టి, ఆ సగం మట్టిలో పాతి, లోపలి మట్టి తీసెయ్యమని. గొట్టంలో నీళ్ళు నేల మట్టం కన్నా 15 సెంటీమీటర్లు దిగాకే మళ్ళీ పెట్టాలి. పూత దశలో మాత్రం 5 సెంటీమీటర్లు నిలవ ఉంచాలి, లేకపోతే తాలు గింజలు. మీథేన్ సగం దాకా తగ్గుతుంది. ఆరిన నేల మీద యూరియా చల్లి అలాగే వదిలేస్తే నష్టం, వెంటనే తడి పెట్టాలి. విన్నాడు, తలూపాడు, చేస్తాడో లేదో.

మీ బట్టీ సంగతి నీకు నేను చెప్పడమేమిటి, అయినా చెబుతాను. సున్నపురాయి 100 పాళ్ళు కాలితే 56 సున్నం, 44 వాయువు. బట్టీలోంచి వచ్చే గడ్డలు, అదే క్లింకర్‌లో సున్నం 65 శాతమనుకుంటే, టన్నుకి రాయి నుంచే 0.51 టన్ను. ఇంధనంగా కాల్చే బొగ్గు, పెట్‌కోక్ నుంచి మరో 0.3. ఆ 0.51 ఆక్సిజన్‌ని ముట్టదు, అందుకే రాల్ఫ్ లాంటివాళ్ళ లెక్కల్లో సిమెంటుని విడిగా పెడతారు. సోలారు పెట్టినా అది తగ్గదు. తగ్గాలంటే బస్తాలో క్లింకర్ తగ్గాలి. బూడిద 30 శాతం కలిపిన పీపీసీ సిమెంటు అయితే టన్నుకి 0.77 నుంచి 0.53కి దిగుతుంది. క్లింకర్ సగమే ఉండి, కాల్చిన బంకమట్టి 30, ముడి సున్నపురాయి 15, జిప్సం 5 ఉండే రకమైతే ఇంకా తక్కువ. ద్వారకా తిరుమల వైపు బంకమట్టి గనులున్నాయి కదా. 700 నుంచి 850 డిగ్రీల మధ్యే కాల్చాలి, మించితే మట్టి చచ్చిపోతుంది, ఇనుముంటే ఎర్రబడుతుంది, మేస్త్రీలు నకిలీ అంటారు. నీళ్ళు కూడా ఎక్కువ అడుగుతుంది. ఇవన్నీ బట్టీ దగ్గర నిలబడి చూసేవాడు కావాలి. రాజీనామా చేసినవాడు చూడడు.

బట్టీలోకి పోయే పొడిని ముందే వేడి చేసే ప్రీహీటర్‌లో, సందుల్లోంచి దూరే బయటి గాలి, అదే ఫాల్స్ ఎయిర్ కొలిచావా? లోపలికి వచ్చేచోట ఆక్సిజన్ 3 శాతం, బయటికి పోయేచోట 5 శాతం అయితే, తేడా 2ని 21లోంచి 5 తీసేసిన 16తో భాగిస్తే 12.5 శాతం చల్లగాలి దూరుతున్నట్టు. దాన్నంతా వేడి చేయడానికి బొగ్గు దండగ, ఫ్యాన్‌కి కరెంటు దండగ. తనిఖీ తలుపుల తాడు ప్యాకింగూ, ఫ్లాప్ వాల్వులూ ముందు చూడు. అన్నట్టు కొలిచేటప్పుడు మాస్కు పెట్టుకో, మెడలో వేలాడదీసుకోవడానికి కాదు అది.

బొగ్గు పొగలోని సల్ఫేటు ఎండని అడ్డుకుని వేడిని కొంత దాచిపెడుతుందని కూడా మావయ్యకి చెప్పు. 2020లో ఓడల ఇంధనంలో గంధకం పరిమితిని 3.5 నుంచి 0.5 శాతానికి తగ్గించారు. ఊపిరితిత్తులకి మంచిది, దాగిన వేడి కొంత బయటపడుతుంది. మనిషి చేసేవన్నీ ఒకే దిక్కు లాగవు.

నోటీసు ఇచ్చావో లేదో నువ్వే చెప్పు, చిట్టి నోట వద్దు. ఇచ్చి ఉంటే ఎన్ని నెలల నోటీసో, పీఎఫ్ కాగితాలు ఎవరి దగ్గర ఉన్నాయో చూసుకో. వేరేచోట చూసుకోకుండా ఇవ్వలేదు కదా? నాన్నగారికి ఇంకా చెప్పలేదు.

శనివారం వెంకన్న మీ వైపు లారీతో వస్తున్నాడు. ఉసిరి పచ్చడి, సున్నుండలు, రెండు బనీన్లు పంపుతున్నాను. గేటు దగ్గర నువ్వే తీసుకో, సెక్యూరిటీ వాళ్ళకి వదలకు. పోయినసారి సీసాలు రాలేదు. కడిగి, బాగా ఆరబెట్టి, మూతలు విడిగా కట్టి వాడి చేతికే ఇయ్యి.

అమ్మ