పద్దెనిమిది దాటినోళ్లు పొద్దున లేచి ఎక్కడికి పోవాలి?

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను కాజీపేటలో ఉంటాను. రైల్వేలో పనిచేసి రిటైరై నాలుగేళ్లయింది. మా అబ్బాయికి 27 ఏళ్లు, డౌన్ సిండ్రోమ్, అంటే పుట్టుకతోనే వచ్చే మేధో వైకల్యం. ఈ ఉత్తరం వాడొక్కడి కోసం కాదు గానీ, వాడితోనే మొదలుపెట్టాలి.

పోయిన వానాకాలంలో ఏఎన్ఎం, ఆశా కార్యకర్త మా ఇంటికి బీపీ, షుగర్ చూడటానికి వచ్చారు. నాకూ మా ఇంటామెకూ చూశారు. మావాడు పక్కన నిలబడి తన వేలు చాపాడు. అందరికీ చేసింది తనకూ చేయాలి, అంతే. "ముప్పై నిండినవాళ్లకే సార్ ఈ సర్వే" అన్నదామె. వాడు వేలు వెనక్కి తీయలేదు. సరే, పిల్లగాని సంతోషానికని ఒక చుక్క తీసి చూసింది. 268. మా ముసలోళ్లిద్దరికీ లేనంత వాడికుంది. తర్వాత చేయించిన పరీక్షల్లో థైరాయిడ్ సరిగా పనిచేయడం లేదని కూడా తేలింది. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకు ఏడాదికోసారి థైరాయిడ్ చూపించాలని నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. వాడు మబ్బుగా, ఎప్పుడూ నిద్రమొహంతో ఉంటే "వీళ్లు ఇంతేనేమో" అనుకున్నాం. చూపించిన చోట కూడా అదే మాట అన్నారు.

18 ఏళ్లదాకా వాడు స్పెషల్ స్కూలుకు పోయేవాడు. ఎనిమిదిన్నరకు ఆటో, ఒంటిగంటకు బువ్వ, సాయంత్రం ఆటలు. 18 నిండగానే వయసు దాటిందన్నారు. వాళ్లను అనడానికి లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉచిత చదువు 6 నుంచి 18 ఏళ్ల వరకే అంటుంది. మండలాల్లోని భవిత కేంద్రాలూ బడి వయసు పిల్లల కోసమే. ఆ మర్నాటి నుంచి మావాడికి పొద్దున లేచి పోవాల్సిన చోటు లేదు. అప్పుడు 58 కిలోలు ఉండేవాడు. ఇప్పుడు 84. ఎత్తు చూస్తే అయిదడుగులు కూడా లేడు.

ఈ తొమ్మిదేళ్లూ వాడు టీవీ చూశాడు, బిస్కెట్లు తిన్నాడు. డ్యూటీకి పోయేముందు ఇంట్లో గొడవ కాకుండా ఉండాలంటే చేతిలో ఒక ప్యాకెట్ పెట్టడం సులువు. ఆ ప్యాకెట్లు కొన్నది నేనే, ఒప్పుకుంటున్నా.

మాకు తెలిసినవాళ్ల అమ్మాయి ఒకామె ఉంది, ఆటిజం. మాటలు రావు. ఉన్నట్టుండి తల గోడకేసి కొట్టుకోవడం మొదలుపెడితే మందు డోసు పెంచారు. నెల దాటాక తెలిసింది, దవడ పన్ను పుచ్చి చీము పట్టిందని. నొప్పి అని చెప్పలేని మనిషి ఇంకెట్లా చెప్పాలి? పైగా ఇలాంటివాళ్లకు వాడే రిస్పెరిడోన్ లాంటి మందులతో ఆకలి పెరుగుతుంది, బరువు పెరుగుతుంది. మందుతో బరువు, బరువుతో షుగర్, షుగర్‌కు ఇంకో మందు.

కాబట్టి నేను అడిగేదొక్కటే. హనుమకొండ, కాజీపేట, వరంగల్ మూడింటికీ అందుబాటులో ఒక పగటి కేంద్రం కావాలి. 18 దాటిన మేధో వైకల్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒళ్లు పట్టు తప్పడం) ఉన్నవాళ్లు పొద్దున తొమ్మిదిన్నరకు వచ్చి మూడున్నరకు ఇంటికి పోవాలి. అది ఆశ్రమమూ కాదు, ఆస్పత్రీ కాదు. కొవ్వొత్తులు చేయించే కేంద్రం అసలే కాదు. (మా పిల్లలనగానే ప్రతి ఒక్కరికీ కొవ్వొత్తులు, ఫినాయిలే ఎందుకు గుర్తొస్తాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కొనేవాళ్లు ఎవరో కూడా తెలియదు.) అక్కడ నేర్పాల్సిన పని తన ఒంటిని తను చూసుకోవడం.

ఎట్లా అంటే, ఎండ ముదరకముందే పబ్లిక్ గార్డెన్‌లో నడక. వారానికి రెండుసార్లు రైతుబజార్‌కు పోయి కూరగాయలు ఏరుకొచ్చుకోవడం. వచ్చి వాళ్లే కడిగి, కోసి, వండుకోవడం. మావాడు ఇంట్లో ఆకుకూర ముట్టడు. పోయిన నెల మా చెల్లె ఇంట్లో తోటకూర తనే తుంచాడని రెండుసార్లు వడ్డించుకున్నాడు. నెలకోసారి బరువు, బీపీ, షుగర్. ఆర్నెల్లకోసారి పళ్లు, కళ్లు, చెవులు. దగ్గరలోని బస్తీ దవాఖానా డాక్టరు నెలకు ఒక పూట కేంద్రానికే వస్తే, వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి ఓపీ లైన్లో గంటలు నిలబడలేక తిరిగొచ్చే మాలాంటివాళ్లకు సగం టెన్షన్ తగ్గుతుంది.

వ్యాయామం అంటే జిమ్ అనుకోవద్దు. మావాడు పార్కులో ఓపెన్ జిమ్ మీద అయిదు నిమిషాలు ఉండడు. బతుకమ్మ ఆటలో వాళ్లమ్మ పక్కన చప్పట్లు కొడుతూ రెండు గంటలు తిరుగుతాడు, చెమట కూడా తుడుచుకోడు. కోలాటం ఉంది, డప్పు ఉంది, అవి చాలవా? అయితే చేయించేవాళ్లకు తెలిసి ఉండాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరిలో మెడలో పై రెండు ఎముకల పట్టు వదులుగా ఉంటుంది. యోగా పేరుతో శీర్షాసనం, హలాసనం వేయిస్తే ప్రాణం మీదికి వస్తుంది. మూర్ఛ వచ్చేవాళ్లను నీళ్ల దగ్గర ఒక్క నిమిషం కూడా వదలకూడదు. అందుకే దయగల వలంటీర్లతో ఇది నడవదు. శిక్షణ పొందిన స్పెషల్ టీచర్లు, ఫిజియోథెరపిస్టు, జీతానికి పనిచేసే ఆయాలు ఉండాలి. సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పెట్టిన జాతీయ సంస్థ, అదే మనోవికాస్ నగర్‌లో ఉన్నది, 1984 నుంచి ఇలాంటివాళ్లను తయారు చేస్తూనే ఉంది. మన దగ్గరికి రమ్మంటే ఉద్యోగం చూపించాలి కదా.

ఆడపిల్లల తల్లిదండ్రుల భయం వేరు. కేంద్రం పెట్టినా పంపరు, ముందే చెబుతున్నా. వ్యాన్‌లో ఆడ సహాయకురాలు లేకపోతే, బాత్రూం దగ్గర ఆడ ఆయా లేకపోతే ఒక్క అమ్మాయి రాదు. వ్యానే లేకపోతే అబ్బాయిలూ రారు. దివ్యాంగుల పింఛను 4,016 రూపాయలు వస్తుంది. అది చాలా వరకు నెలకు ఆటోవాడు అడిగేదానికే సరిపోతుంది.

డబ్బులెక్కడివి అంటారు. 1999లోనే ఇలాంటి వైకల్యాలున్నవాళ్ల కోసం పార్లమెంటు చట్టం చేసి పెట్టిన నేషనల్ ట్రస్టులో పగటి సంరక్షణకు 'వికాస్' అనే పథకం ఉంది, ఇప్పుడు దాన్ని 'దిశ-కమ్-వికాస్' అంటున్నారు. ట్రస్టులో రిజిస్టరైన సంస్థ దరఖాస్తు చేసుకోవాలి. అదే ట్రస్టు 'నిరామయ' బీమా లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది, ఓపీ ఖర్చులూ అందులో ఉంటాయి. మా పరిచయస్తుల్లో ఆ పేరు విన్నవాళ్లే తక్కువ. ఇక హాలు. మా కాలనీ కమ్యూనిటీ హాలు పెళ్లిళ్ల సీజన్ పోతే తాళం వేసే ఉంటుంది. కార్పొరేషన్ హాలిస్తే, కలెక్టరేట్ వాళ్లు సంస్థను వెతికితే, మిగతాది మేము కూడా వేసుకుంటాం.

కొందరు పెద్దమనుషులు "ఇంట్లో మీరు చూసుకుంటున్నారు కదా" అంటారు. చూసుకుంటున్నాం. నాకు 64, మా ఆమెకు మోకాళ్ల నొప్పులు. అమెరికాలో 1983లో డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ల సగటు ఆయుష్షు 25 ఏళ్లు. ఇప్పుడది 60 దాకా వచ్చింది. అంటే వైద్యం వీళ్లను బతికించింది, బతికిన ఆ ఏళ్లు ఎట్లా గడపాలో మనం చూడలేదు. మా తర్వాత ఎవరు అనే ప్రశ్న పెద్దది, దాని జోలికి ఈ ఉత్తరంలో పోవడం లేదు. నేను అడుగుతున్నది పొద్దున తొమ్మిదిన్నర సంగతి.

ఇంకో మాట. ఆరోగ్యం పేరుతో ఆ కేంద్రాన్ని జైలు చేయొద్దు. మావాడికి 27 ఏళ్లు. ఆదివారం మిర్చి బజ్జీ తినాలనుంటుంది, నాకున్నట్టే. ఎన్ని తినాలో వాడికి బొమ్మలతో నేర్పొచ్చు. అసలే వద్దని లాక్కుంటే దొంగతనంగా తింటాడు, అదీ నాలాగే. డిసెంబర్ 3న, దివ్యాంగుల దినోత్సవమని మైకు పెట్టి, పండ్లూ బ్రెడ్డూ పంచి, ఫొటోలు దిగి పోయే సార్లకు ఇది చెబితే నవ్వుతారు గానీ, నడవబోయే కేంద్రంలో మొదటి నియమం ఇదే కావాలి.

మేము పదకొండు కుటుంబాల వాళ్లం పేర్లు రాసుకుని పోయిన సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇచ్చాం. రసీదు ఇచ్చారు. వచ్చే సోమవారం మళ్లీ పోతున్నాం. మీ విలేకరిని పంపితే సంతోషం. మావాడూ వస్తాడు. అక్కడ లైన్లో నిలబడి టోకెన్ తీసుకోవడం వాడికి బాగా నచ్చింది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి,
కాజీపేట, హనుమకొండ జిల్లా.