వృద్ధుల నివాస సముదాయాల్లో పొడి చెత్త సేకరణ: ధర గురించి, పాత పేపర్ల గురించి

హైదరాబాదులో ఇంతకాలం అపార్ట్‌మెంట్ల నుంచి మాత్రమే పొడి చెత్త సేకరించిన మా చిన్న సంస్థ, ఇప్పుడు నగర శివార్లలోని కొన్ని వృద్ధుల నివాస సముదాయాల్లోనూ ఆ పని మొదలుపెట్టింది. అపార్ట్‌మెంట్లలో ఫ్లాటుకు నెలకు 60 రూపాయలు తీసుకుంటూ అక్కడ 90 ఎందుకు తీసుకుంటున్నారని, పైగా పాత పేపర్లు ఎందుకు వద్దంటున్నారని చాలామంది అడిగారు. లెక్క ఉన్నదున్నట్టు మీ ముందు పెడుతున్నాను.

మా వ్యాపారంలో డబ్బు వచ్చేది పేపర్లు, అట్టపెట్టెలు, నీళ్ల సీసాలు, ఇనుము, అల్యూమినియం వంటి కొద్ది సరుకుల మీదే. పెద్దల ఇళ్లలో దినపత్రిక ఇంకా మానలేదు కనుక, పేపర్ల కట్టలు తీసుకుంటే మా బండి సగం నిండుతుంది. అయితే చాలా ఇళ్లలో ఆ కట్టలు పనిమనిషికో వాచ్‌మన్‌కో ఇవ్వడం ఆనవాయితీ. జీతం కాక వారికి చేతికందే ఆ నాలుగు రూపాయలను మేము వచ్చి తన్నుకుపోవడం నాకు న్యాయంగా తోచలేదు. ఇందులో స్వార్థమూ ఉంది. ఇంట్లో చెత్తను వేరు చేసేది ఎక్కువగా పనిమనిషే కనుక, ఆమెకు మా మీద కోపం వస్తే తడి, పొడి కలిసిపోవడానికి ఒక్క పూట చాలు. అందువల్ల పేపర్లు వారికే వదిలేశాం.

ఇక మిగిలేది ఎక్కువగా కొనేవారు లేని సరుకే. ధరలో తేడాకు మొదటి కారణం ఇదే. మాత్రల స్ట్రిప్పుల్లో ప్లాస్టిక్ రేకు, అల్యూమినియం రేకు అతుక్కుని ఉంటాయి. వాటిని విడదీయగల చోటికి రవాణా ఖర్చు పెట్టుకుని మేమే పంపాలి. టానిక్కు సీసాలకు బరువెక్కువ, ధర తక్కువ. పాల ప్యాకెట్లు మాత్రం కడిగి ఆరబెట్టి ఇస్తే మంచి సరుకే. అన్నిటికన్నా ఆశ్చర్యపరిచినవి పాత ఎక్స్-రే ఫిల్ములు. బీరువాల మీద ఏళ్ల తరబడి కవర్లలో పడి ఉన్న ఆ ఫిల్ముల్లో కొంత వెండి ఉంటుంది. ఆ వెండి కోసం వాటిని పెరట్లో రసాయనాల్లో నానబెట్టి, ఆ నీటిని కాలువలోకి వదిలేసేవారికి కాకుండా, అనుమతి ఉన్నవారికే ఇస్తున్నాం. వినికిడి యంత్రాల చిన్న బ్యాటరీలను వేరే డబ్బాలో తీసుకుంటాం.

మేము తీసుకోనివి కూడా స్పష్టంగా చెప్పాలి. ఇన్సులిన్ సూదులు, వాడిన డైపర్లు, గడువు తీరిన మందులు, పాదరసం ఉన్న థర్మామీటర్లు మా సంచిలో వేయవద్దు. సూదులను గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూత బిగించి, మా సంచితో కలవకుండా విడిగా ఉంచండి. చెత్త వేరు చేసే మా అమ్మాయిల చేతులకు గుచ్చుకునేవి అవే. డైపర్ల విషయంలో 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు పొట్లం కట్టి పొడి చెత్త బుట్టలోనే వేయమన్నాయి, దానివల్ల ఒక్క పొట్లం చిరిగితే ఆ రోజు కాగితమంతా పనికిరాకుండా పోయేది. 2026 నియమాలు తడి, పొడి, శానిటరీ (డైపర్ల వంటివి), ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవి అంటూ నాలుగు భాగాలు చేయమంటున్నాయి. మాలాంటివారు ఎప్పటినుంచో కోరుకుంటున్న మార్పు ఇది.

ధరలో తేడాకు రెండో కారణం మనుషులు. అపార్ట్‌మెంట్లలో సెల్లారులో పెట్టిన డబ్బాల నుంచి ఎత్తుకుపోతే సరిపోతుంది. మోకాళ్ల నొప్పులున్నవారిని సంచి మోసుకుని కిందికి రమ్మనడం భావ్యం కాదు కనుక, ఇక్కడ తలుపు దగ్గరికే వస్తాం. సంచిని తలుపు గొళ్లేనికి తగిలిస్తే చాలు, వంగనక్కరలేదు. ప్రతిసారీ అదే మనిషి, ఉదయం పలహారాలు అయ్యాక వస్తాడు, గడప దాటి లోపలికి రాడు. యాప్ అవసరం లేదు, ఫోన్ చేస్తే మనిషే మాట్లాడతాడు.

బ్యాంకు కాగితాలు, వైద్య నివేదికలు బయటివారి చేతిలో పడతాయన్న భయం చాలామంది పెద్దలకు ఉంది, అది సహేతుకమైనదే. వచ్చే నెల నుంచి నెలకొకసారి కాగితాలు ముక్కలు చేసే యంత్రాన్ని సముదాయానికే తెచ్చి, మీ కళ్ల ముందే ఆ పని చేయిస్తాం. దీనికి వేరే రుసుము లేదు. 90 రూపాయల ధరను ఆరు నెలల పాటు మార్చం. ఆ తరువాత ఖర్చులు, రాబడి రెండూ సముదాయ కమిటీలకు చూపించి, వారితో మాట్లాడాకే కొత్త ధర నిర్ణయిస్తాం.