నల్ల కారు, నాన్న పాత పంచె

నోవై, మిషిగన్
అక్టోబర్ 11

ఒరేయ్ చిన్నా,

ఫొటోలు అందాయి. బానెట్ మీద ఎండ పడిన చోట సాలెగూడులా గుండ్రంగా సన్నగీతలు కనిపిస్తున్నాయి చూడు, వాటికి మందు వ్యాక్స్ కాదు. షోరూమ్ వాళ్లు అంటగట్టబోతున్న టెఫ్లాన్ కోటింగూ కాదు. ఆ గీతలు రోజూ పొద్దున్నే పడుతున్నాయి, గీస్తున్నది నాన్న పాత పంచె. కాకినాడ దుమ్ములో సగం ఇసుకే. దాని మీద పొడిగుడ్డ వేసి రుద్దితే ఉప్పుకాగితంతో రుద్దినట్టే. మనది నలుపు కాబట్టి బయటపడింది. తెల్ల కార్ల మీదా అన్నే గీతలుంటాయి, కంటికి ఆనవు.

రేకు మీద ప్రైమరు, దాని మీద రంగు, అన్నిటికీ పైన రంగులేని క్లియర్‌కోట్ ఉంటాయి. ఆ పైపొర మందం సుమారు 40-50 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక కంటే సన్నం. గీతలన్నీ దాంట్లోనే. పాలిష్ అంటే ఆ పొరనే కాస్త అరగదీసి చదును చేయడం. అందుకే సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడల్లా ‘రబ్బింగ్ పాలిష్ కొట్టేయండి’ అనకు. అరిగింది మళ్లీ రాదు. వ్యాక్స్ దేన్నీ అరగదీయదు, పైన పూతగా కూర్చుంటుంది.

కాబట్టి ముందు కడగడం నేర్చుకో. రెండు బకెట్లు కావాలి, ఒక్కోటి 15 లీటర్లది. ఒకదాంట్లో షాంపూ నీళ్లు, రెండోదాంట్లో ఉత్త నీళ్లు. షాంపూ కార్లదే కావాలి, కొలత సీసా మీద ఉంటుంది. అంట్ల సబ్బు నూనె జిడ్డునే కాదు, నువ్వు పట్టించిన వ్యాక్స్‌నీ లాగేస్తుంది. ముందు టైర్లు, రిమ్ములు వేరే గుడ్డతో, వేరే నీళ్లతో కడిగెయ్. బ్రేకుల నుంచి రాలే ఇనుపపొడి అంతా అక్కడే ఉంటుంది, ఆ గుడ్డ మళ్లీ బాడీని తాకకూడదు. తర్వాత పైపుతో బాడీ అంతా తడిపి, వదులు దుమ్ము కొట్టుకుపోయేదాకా నీళ్లు పట్టు. అప్పుడు టాప్ నుంచి కిందికి, తిన్నగా, బలం పెట్టకుండా తుడువు. ఒక్కో డోర్ అయ్యాక మిట్టును, అంటే చేతికి తొడుక్కుని తుడిచే మెత్తటి గ్లవును, ఉత్త నీళ్లలో జాడించి, ఆ తర్వాతే షాంపూలో ముంచు. చివర్లో ఆ ఉత్త నీళ్ల బకెట్ అడుగున చెయ్యి పెట్టి చూడు, ఇసుక తగులుతుంది. ఒక్క బకెట్టే వాడితే అదంతా తిరిగి డోర్ మీదికే.

నీళ్ల సంగతి. మన బోరు నీళ్లు ఆరిపోతే తెల్లమచ్చలు ఖాయం. అమ్మ ఫిల్టర్ నుంచి వృథాగా పోయే నీళ్లు పట్టి కారు కడుగుతున్నావని రాశావు. నీళ్లు మిగులుతాయన్న మాట నిజమే గానీ, ఫిల్టర్ వదిలేసిన ఉప్పులన్నీ చేరి అవి బోరు నీళ్ల కంటే కఠినంగా ఉంటాయి. వాటిని వాకిలి కడగడానికి వాడు. కారుకి మున్సిపల్ కుళాయి నీళ్లు పట్టు, లేదంటే ట్యాంకులో పట్టిన వాననీళ్లు. ఆఖరి విడత పైపు మూతికి పెట్టిన నాజిల్ తీసేసి, నీళ్లను ధారగా పైనుంచి వదిలితే పరదాలా జారిపోతాయి, చుక్కలు తక్కువ మిగులుతాయి. వెంటనే పెద్ద మైక్రోఫైబర్ టవల్ పరిచి అద్ది తీసెయ్. అద్దాల కింది సందుల్లో, డోర్ హ్యాండిళ్లలో నీళ్లు దాక్కుంటాయి. డోర్లు ఒకసారి తెరిచి మూసి మళ్లీ తుడువు.

ఇప్పటికే పడిన తెల్లమచ్చలకి తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, గుడ్డ తడిపి మచ్చ మీద ఒక నిమిషం ఉంచి బాగా కడిగెయ్. అప్పటికీ పోకపోతే ఉప్పు క్లియర్‌కోట్‌ని తినేసిందన్నమాట, ఇక పాలిష్ తప్ప దారి లేదు. పిట్ట రెట్టలూ అంతే. ఎండకి క్లియర్‌కోట్ మెత్తబడుతుంది, రెట్ట ఎండి బిగుసుకుంటుంది, చల్లారాక ఆ ఆకారమే నిలిచిపోతుంది. కనబడగానే తడిగుడ్డ పెట్టి నాననిచ్చి ఎత్తెయ్, గోకకు.

కడిగి ఆరాక, పల్చటి ప్లాస్టిక్ కవరు చేతికి తొడుక్కుని బానెట్ మీద నిమిరి చూడు. వట్టి చేతికి నున్నగా తగిలినదే కవరులోంచి గరుకుగా తెలుస్తుంది. ఓడరేవు, రైలు పట్టాలు దగ్గరున్న ఊళ్లో ఇనుపరజను గాలిలోంచి వచ్చి రంగులో గుచ్చుకుంటుంది. దానికి ఐరన్ రిమూవర్ చల్లితే రెండు మూడు నిమిషాల్లో ఊదారంగుకి తిరుగుతుంది. కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది కాబట్టి బయటే చెయ్, ఆరనివ్వకుండా కడిగెయ్. మిగిలినదానికి క్లే బార్, అంటే రంగులో గుచ్చుకున్న మురికిని లాగేసే మెత్తటి ముద్ద. 50 గ్రాముల ముద్ద చాలు. అరచేతంత వెడల్పుగా ఒత్తి, రెండడుగుల మేర షాంపూ నీళ్లు బాగా చల్లి, వేళ్ల బరువుతోనే ముందుకీ వెనక్కీ జరుపు. మొదట గరగర వినిపిస్తుంది. అది ఆగి జారడం మొదలైతే అక్కడ పని అయిపోయినట్టే. ముద్ద మురికి పట్టగానే లోపలికి మడిచి కొత్త ముఖం తియ్. నేల మీద పడిందా, పారెయ్. ఎంత కడిగినా ఇసుకరేణువు దాంట్లోంచి రాదు. ఏడాదికి ఒకటి రెండుసార్లకి మించి దీని అవసరం రాదు.

ఇప్పుడు గీతలు. గోరు అడ్డంగా లాగి చూడు. గోరు ఆగితే ఆ గీత లోతైనది, పాలిష్‌తో పోదు, దాన్ని వదిలెయ్. ఆగకపోతే పోగొట్టొచ్చు. చేత్తో రుద్ది నలుపు మొత్తాన్ని చదును చేయడం అయ్యే పని కాదు, డ్యూయల్ యాక్షన్ పాలిషర్ కావాలి, అంటే ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగే మిషన్. అది ఇక్కడి నుంచి తెమ్మనకు. ఇక్కడి కరెంటు 120 వోల్టులు, అక్కడి ప్లగ్గులో పెడితే మోటారు కాలిపోతుంది. మెకానిక్ షెడ్డులో ఒకే దిక్కున గిర్రున తిరిగే మిషన్ ఉంటుంది, అది అరువు తెచ్చుకునేవు సుమా! దానికి వేడి ఒక్కచోట పుడుతుంది, డోర్ అంచుల మీద క్షణంలో రంగు లేచిపోతుంది. డ్యూయల్ యాక్షన్‌తో అయినా అంచులకి టేపు అంటించు. మెత్తటి ప్యాడ్, సన్నరకం పాలిష్ శనగగింజంత నాలుగు చుక్కలు, రెండడుగుల చదరం, నిలువుగా అడ్డంగా నాలుగైదు వరసలు. ముందు ఒక్కచోట చేసి ఎండలో చూడు. సరిపోతే అదే పద్ధతిలో కారంతా చెయ్. సరిపోకపోతేనే గట్టి ప్యాడ్‌కి వెళ్లు. కారంతటికీ ఒక రోజు పడుతుంది.

ఇక వ్యాక్స్, అందరూ దీంతోనే మొదలుపెడతారు గానీ ఉన్నవాటిలో సులువు పని ఇదే. కార్నాబా అంటే ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే ఒక చెట్టు ఆకుల మీద పేరుకునే మైనం, ఆ చెట్టు మన తాటిచెట్టుకి చుట్టమే. 80 డిగ్రీల పైన గానీ కరగదు. ఒట్టి మైనం రాయిలా ఉంటుంది కాబట్టి నూనెలూ ద్రావకాలూ కలిపి డబ్బాలో పోస్తారు. నలుపు మీద దాని నిగనిగే వేరు, కాదనను. కానీ మీ ఎండకి ఆరు వారాలు నిలిస్తే గొప్ప. సింథటిక్ సీలెంట్, అంటే మైనం బదులు రసాయనాలతో చేసిన పూత, అయితే నాలుగు నెలలు ఆగుతుంది. నీకు సీలెంటే మేలు, పండక్కి ముందు పైన ఒక పూత కార్నాబా వేసుకో. డబ్బా కొనేటప్పుడు ‘క్లీనర్ వ్యాక్స్’ అని ఉంటే వద్దు. అందులో సన్నగా అరగదీసే పొడి ఉంటుంది, కింద వేసిన సీలెంట్‌ని తీసేస్తుంది.

నీడలో, రేకు మీద చెయ్యి హాయిగా ఆనేంత చల్లగా ఉన్నప్పుడు, తెల్లవారుజామున మొదలుపెట్టు. స్పాంజి ప్యాడ్‌కి కొంచెం అంటించి, ఉందా లేదా అన్నంత పల్చగా పుయ్యి. ద్రవరూపంలో ఉన్నదైతే కారంతటికీ 30 మిల్లీలీటర్లు దాటకూడదు. మందంగా పూస్తే ఎక్కువ నిలవదు, పైదంతా గుడ్డకే పోతుంది, తుడవలేక భుజం పడిపోతుంది. కాసేపాగి వేలితో గీసి చూడు. శుభ్రంగా మెరిస్తే తుడవొచ్చు, సాగినట్టు అంటుకుంటే ఇంకా ఆరాలి. గాలిలో తేమ ఎక్కువైతే ఇది ఆలస్యమవుతుంది, తొందరపడకు. ఎండలో ఎండిపోయి పట్టుకుపోతే గట్టిగా రుద్దొద్దు, దాని మీదే ఇంకో పల్చటి పూత వేసి వెంటనే తుడిస్తే కిందది మెత్తబడి వస్తుంది. నల్ల ప్లాస్టిక్ భాగాలకి మాత్రం తగలనివ్వకు, తెల్లగా పట్టేసి వదలదు.

తర్వాత నీళ్లు ముత్యాల్లా నిలుస్తాయి, ఫొటో తీసి పంపుతావు, నాకు తెలుసు. కానీ ఆ ముత్యాలు బోరు నీళ్లవైతే ఒక్కోటీ ఒక్కో మచ్చ అవుతుంది. వ్యాక్స్ ఉంది కదా అని తుడవడం మానకు.

ఇక్కడ ఇది వ్యాక్స్ పట్టించే నెల. మంచు మొదలైతే రోడ్ల నిండా ఉప్పు చల్లుతారు. డెట్రాయిట్ నగరం కిందే వెయ్యి అడుగులకి పైగా లోతులో ఉప్పు గని ఉంది. వ్యాక్స్ పై రంగునే కాస్తుంది, తుప్పు మొదలయ్యేది కిందనుంచి. అందుకే చలికాలంలో గడ్డకట్టని రోజు చూసి కారు అడుగు కడిగిస్తారు. మీకు ఉప్పు సముద్రపు గాలిలో వస్తుంది. బీచ్ రోడ్డుకి వెళ్లొచ్చినప్పుడల్లా చక్రాల గూళ్లలో, కింద, మంచినీళ్లు పట్టు.

నాన్నకి మెల్లగా చెప్పు. కారు తుడవొద్దంటే ఆయనకి పొద్దుపోదు, అద్దాలూ లోపలి డ్యాష్‌బోర్డూ ఆయనకి అప్పగించు. డ్యాష్‌బోర్డు మీద మెరుపు కోసం కొబ్బరినూనె మాత్రం రాయనివ్వకు, దుమ్ము పడుతుంది, ఎండలో ముందు అద్దం మీద మెరిసి రోడ్డు కనపడదు.

డిసెంబర్‌లో వచ్చేవాళ్లతో టవల్స్ పన్నెండు పంపుతున్నాను. వ్యాక్స్ డబ్బాలో మండే ద్రావకాలుంటాయి, విమానంలో కుదరదు, అక్కడే కొనుక్కో. టవల్స్ విడిగా ఉతుకు, సువాసన కోసం వేసే సాఫ్టెనర్ వద్దు, దాంతో టవల్ పోగులు నీళ్లు పీల్చడం మానేస్తాయి. నీలంవి బాడీకి, పసుపువి వ్యాక్స్‌కి, బూడిదరంగువి రిమ్ములకి. అమ్మ చూసిందంటే స్టవ్ తుడవడానికి నాలుగు పక్కన పెట్టేస్తుంది. బూడిదరంగువే ఇవ్వు.

అక్క