తేలినీలాపురంలో పక్షుల రక్షణ కేంద్రం కావాలి: అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలంలోని తేలినీలాపురం కోసం ఒక్క కోరికతో ఈ లేఖ రాస్తున్నాను. గూళ్ల నుంచి జారిపడే గూడబాతు (పెలికాన్) పిల్లలకు, జబ్బుపడిన పక్షులకు, రెక్క విరిగిన పక్షులకు ఆ ఊళ్లోనే వైద్యం, తిండి అందాలి. మళ్లీ ఎగరగలిగేదాకా వాటికి అక్కడే ఆశ్రయం ఉండాలి. అందుకు పూర్తిస్థాయి రక్షణ కేంద్రం కావాలి. దాన్ని ఊరివాళ్లు నడపాలి, ప్రభుత్వం వాళ్ల వెనక నిలబడాలి.

నేను ఈ ప్రాంతంలో బడి పంతులుని. చలికాలం వస్తే పిల్లల్ని వెంటబెట్టుకుని పక్షులు చూడటానికి వెళ్తాను. సెప్టెంబరు నుంచి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు (పెయింటెడ్ స్టార్క్‌లు) ఊరి చెట్ల మీద దిగుతాయి. సంక్రాంతి నాటికి గూడు లేని కొమ్మ కనిపించడం కష్టం. దగ్గర్లోని నౌపడా బీలలో, అంటే చిత్తడి నేలలో, ఆ రోజుల్లో సూదితోక బాతులు, ఉల్లంకి పిట్టలు గుంపులు గుంపులుగా ఉంటాయి. తెల్లవారుజామున మంచు తెర విడిపోతుండగా పెద్ద గూడబాతులు బీల వైపు బయల్దేరి, గొంతు సంచి నిండా చేపలతో తిరిగి వస్తాయి. పిల్ల తన తలను తల్లి గొంతులోకి దాదాపు మెడ దాకా దూర్చి తింటుంది. మొదటిసారి చూసే పిల్లలు భయపడతారు, తల్లే పిల్లను మింగేస్తోందనుకుంటారు. రెండోసారి నుంచి దుర్భిణి కోసం పోటీ పడతారు.

బయటి నుంచి వచ్చినవాళ్లు చూసి వెళ్లేది ఇంతవరకే. కానీ చెట్టు కింద జరిగేది వేరు. గూడబాతు రెండు మూడు గుడ్లు పెడుతుంది, పొదగడానికి దాదాపు నెల పడుతుంది. పిల్ల ఎగిరే వయసుకు రావడానికి ఇంకా మూడు నెలలకు పైనే కావాలి. అన్ని రోజులు పుల్లల గూటిలో, గాలికి ఊగే కొమ్మ మీద, తిండి కోసం తోబుట్టువులతో తోపులాడుకుంటూ బతకాలి. కొన్ని జారిపడతాయి. కింద కుక్కలుంటాయి. దెబ్బ తగలకుండా పడ్డ పిల్లకు కూడా తల్లి కిందికి దిగి తిండి పెట్టదు. మనిషి చెయ్యి వేయకపోతే ఆ పిల్ల ఆకలితో చచ్చిపోతుంది.

ఊరివాళ్లు చెయ్యి వేస్తారు. ఈ పక్షులను పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. అవి రాని ఏడాది ఊరికి మంచిది కాదని పెద్దవాళ్ల నమ్మకం. రెట్టల వాసన, ఇంటి కప్పుల మీద తెల్లటి మరకలు, రాత్రంతా ముక్కుల టపటపలు, అన్నీ భరిస్తారు. అయితే ప్రేమ ఉన్నంత మాత్రాన వైద్యం రాదు. పొడుస్తుందన్న భయంతో ముక్కును తాడుతో బిగించి కట్టేస్తారు. గూడబాతు ఎక్కువగా నోటితోనే ఊపిరి పీలుస్తుంది, దాని ముక్కు పూర్తిగా మూసేస్తే ఊపిరాడదు. రెండు దవడల మధ్య చిన్న పుల్ల ఉంచి వదులుగా పట్టుకోవాలి. దాహమేస్తోందని నోట్లో నీళ్లు పోస్తారు. నాలుక మొదట్లోనే శ్వాసనాళం తెరుచుకుని ఉంటుంది కాబట్టి ఆ నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చేపను తల ముందుకు ఉండేలా పెట్టాలి, తోక ముందు పెడితే రెక్కల ముళ్లు గొంతులో గుచ్చుకుంటాయి. ఇవి ఒక పూటలో నేర్పగలిగిన సంగతులు. అలా నేర్పే మనిషి ఊళ్లో ఉండాలి.

ఇవి సైబీరియా పక్షులని పేపర్లలో రాస్తుంటారు, మేమూ బడిలో అదే చెబుతూ వచ్చాం. నౌపడా బీలలోని బాతులు, ఉల్లంకులు నిజంగానే ఉత్తరాది చలి దేశాల నుంచి వస్తాయి. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు అలా కాదు. దక్షిణ, ఆగ్నేయ ఆసియాలోనే పుట్టి, ఇక్కడే తిరుగుతూ బతికే పక్షులవి. తేలినీలాపురంలో పొదిగిన పిల్ల శ్రీకాకుళం జిల్లా బిడ్డే. దాని బాధ్యత వేరే దేశం మీదకు నెట్టలేం.

2021 డిసెంబరు, 2022 జనవరి నెలలు ఆ ఊరు ఇంకా మరచిపోలేదు. పెద్ద గూడబాతులు చెట్ల మీదే నీరసించి, మెడలు వాల్చి, రాలి చనిపోయాయి. చేపల ద్వారా చేరిన నులిపురుగులే కారణమని పరీక్షల్లో తేలింది. గుడ్లు పెట్టి పిల్లల్ని సాకే కాలంలో పెద్దవి చనిపోతే, ఆ గూళ్లలో పిల్లల గతేమిటో మీకు వేరే చెప్పనక్కరలేదు. ఊళ్లోనే పరీక్షకు నమూనాలు తీసి, అదే రోజు పంపే ఏర్పాటు ఉంటే మొదటి నాలుగు పక్షుల దగ్గరే జబ్బు పేరు తెలిసేది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్లఫారాల్లో బర్డ్ ఫ్లూ చూశాం. చచ్చిన పక్షిని ఉత్తి చేతులతో ఎత్తి గోతిలో పూడ్చే ఊరి కుర్రాళ్లకు చేతి తొడుగులు, ముఖానికి మాస్కులు, జబ్బు పక్షులను విడిగా ఉంచే గది కావాలి. ఇది మనుషుల ఆరోగ్యానికి కూడా సంబంధించిన విషయం.

మనకు పొరుగునే ఒక దారి కనిపిస్తోంది. కర్ణాటకలో మండ్య జిల్లా కొక్కరె బెళ్లూరు కూడా ఇలాంటి ఊరే. అవే గూడబాతులు, అవే ఎర్రకాళ్ల కొంగలు, ఇళ్ల మధ్య చింతచెట్లు. 1994 నుంచి మైసూరు పక్షి ప్రేమికులు, ఆ ఊరి యువకుల బృందం హెజ్జార్లె బళగ కలిసి పనిచేస్తున్నారు. కిందపడ్డ పిల్లలకు కంచె కట్టి, చేపలు పెట్టి పెంచి, రెక్కలు వచ్చాక వదిలేశారు. గూళ్లున్న చెట్ల యజమానులకు చింతపండు రాబడి పోతుంది కనుక అటవీ శాఖ పరిహారం ఇచ్చింది. 2007లో ఆ ఊరిని కమ్యూనిటీ రిజర్వుగా ప్రకటించారు. 2002లో వన్యప్రాణి సంరక్షణ చట్టానికి చేసిన సవరణే దీనికి దారి తెరిచింది. భూమి ఊరివాళ్ల చేతుల్లోనే ఉంటుంది, సంరక్షణలో వాళ్ల మాటకు విలువ ఉంటుంది. అదే చట్టం ఆంధ్రప్రదేశ్‌కూ వర్తిస్తుంది. కొక్కరె బెళ్లూరు కూడా ఆ తర్వాత నులిపురుగుల వల్ల గూడబాతులను కోల్పోయింది. రెండు ఊళ్లూ ఒకరి అనుభవం ఒకరికి చెప్పుకునే ఏర్పాటు మీరు చేయించగలరు.

చట్టం గురించి ఇంకొక మాట. అడవి పక్షి ఎవరి చేతికైనా వస్తే 48 గంటల్లోగా దగ్గర్లోని పోలీసు స్టేషనుకో, అధికారం ఉన్న అధికారికో తెలియజేయాలని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం చెబుతోంది. సరైన నియమమే. కానీ పడిపోయిన పిల్లను ఒడిలో పెట్టుకున్న ముసలమ్మకు కేసు భయం ఉండకూడదు. రక్షణ కేంద్రం ఊళ్లోనే ఉండి, అక్కడ నమోదు పుస్తకం, శిక్షణ పొందిన వలంటీర్లు ఉంటే ఆ భయం పోతుంది. పక్షి ఎక్కడ పడింది, ఏం దెబ్బ తగిలింది, ఏం తిన్నది, ఎప్పుడు ఎగిరింది అన్నీ రాతలోకి వస్తాయి. 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతోంది. మన పిల్లలు లెక్కపెట్టిన అంకెలు, ఆ పుస్తకంలోని అంకెలు పక్కపక్కన పెడితే, ఈ పక్షుల గురించి ఏ శాస్త్రవేత్తకైనా పనికొచ్చే సమాచారం అవుతుంది.

అలాంటి కేంద్రం ఊరికి ఏమిస్తుందో నేను ఊహించగలను. సాయంత్రం చేపలు పెట్టే వేళకు పిల్లలు బడి సంచులతో వస్తారు. రేవులో అమ్ముడుపోని చిన్న చేపలను మత్స్యకారులు కేంద్రానికే అమ్ముతారు. ఒక పెద్ద గూడబాతు రోజుకు కిలో దాకా తింటుంది, ఆ ఖర్చు ఊరివాళ్ల జేబు మీద పడకూడదు. ఇద్దరు ముగ్గురు యువతీ యువకులకు జీతం ఉన్న పని దొరుకుతుంది. వారానికి ఒకసారైనా పశువైద్యుడు రావాలి, సంక్రాంతి ముందు వెనకల్లో రోజూ రావాలి. అటవీ శాఖ కాపలాదార్లు ఇప్పటికే చేతనైనంత చేస్తున్నారు, వాళ్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు.

కేంద్రం కట్టినంత మాత్రాన సరిపోదన్నది నాకు తెలుసు. 1946లో కొల్లేరులో పక్షి శాస్త్రవేత్త కె.కె. నీలకంఠన్ గుర్తించిన గూడబాతుల స్థావరం 1970లలో ఖాళీ అయింది. ఎన్నో ఏళ్ల తర్వాత అదే కొల్లేరులోని ఆటపాకలో ఇనుప స్టాండ్లు వేసి, దిబ్బలు కట్టాక మళ్లీ గూళ్లు కనిపించాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా ఉద్దానం చెట్లను కూల్చేసింది, గూడు కట్టడానికి పెద్ద చెట్టు దొరకడమే ఇప్పుడు కష్టం. నౌపడా బీల ఎండితే, ఆక్రమణలకు గురైతే పక్షులు మేతకు ఎక్కడికి వెళ్తాయి? మూలపేట ఓడరేవు పనులు సాగుతున్నాయి. ఆ ఉపాధి మాకూ కావాలి. దానితోపాటు కొత్త విద్యుత్ తీగలు గూళ్ల దారిలో పడకుండా చూడమని ఆ పనుల అధికారులకు మీ శాఖ ఇప్పుడే చెప్పాలి.

సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండుగకు ప్రభుత్వం ఎంత ఉత్సాహంగా ఏర్పాట్లు చేస్తుందో చూశాం, ఆనందించాం. ఆ శ్రద్ధలో కొంత భాగం రాష్ట్రానికి ఈ కొసన ఉన్న ఊరికి, పండుగ రోజులకే పరిమితం కాకుండా, ఏడాది పొడవునా కావాలి.

పక్షులు సెప్టెంబరులో వస్తాయి. అంతకు ముందే గ్రామసభ పెట్టించి, కమ్యూనిటీ రిజర్వు గురించి ఊరివాళ్ల అభిప్రాయం తీసుకోండి. వాళ్లు ఒప్పుకుంటే స్థలం, వైద్యుడి రాక, చేపల ఖర్చు, చెట్ల యజమానుల పరిహారం, ఈ నాలుగింటికీ ఒకే ఉత్తర్వు ఇవ్వండి. జనవరిలో మీరే స్వయంగా వస్తే మా పిల్లలు మీకు దుర్భిణి ఇచ్చి గూళ్లు చూపిస్తారు. వాళ్ల లెక్కల పుస్తకాలు కూడా చూపిస్తారు.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
టెక్కలి ప్రాంతపు ఉపాధ్యాయుడు