‘ఇంకా దగ్గరికి వెళ్లండి’ అనే సలహా నగలకు పనికిరాదు

సంపాదకులకు నమస్కారం.

నగల ఫొటోలు స్పష్టంగా రావాలంటే ఏం చేయాలని అడిగితే చిట్కాల శీర్షికల్లో ఎప్పుడూ రెండే జవాబులు కనిపిస్తాయి. కెమెరాను వీలైనంత దగ్గరికి తీసుకెళ్లమంటారు, ఎఫ్ నంబరు (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం కొలత, నంబరు పెరిగేకొద్దీ రంధ్రం సన్నబడుతుంది) వీలైనంత పెంచమంటారు. రెండూ సగం నిజాలే. ఉంగరమంత చిన్న వస్తువు దగ్గరికి వచ్చేసరికి చెప్పకుండా వదిలేసిన ఆ రెండో సగమే ఫొటోను చెడగొడుతుంది.

‘మసక’ అని మనం ఒకే పేరు పెట్టినా అది ఒకే జబ్బు కాదు. ఫొటోను వంద శాతానికి పెద్దది చేసి చూస్తే ఏ జబ్బో తెలుస్తుంది. ఉంగరం మసగ్గా ఉండి, కింద పరిచిన గుడ్డ పోగులు మాత్రం లెక్కపెట్టేలా కనిపిస్తే ఫోకస్ వెనక్కి పోయిందన్నమాట. ఏ మూలా ఏదీ స్పష్టంగా లేక, మెరుపు చుక్కలన్నీ ఒకే దిక్కుకు చిన్న గీతల్లా సాగితే కెమెరా కదిలింది. రాయి బాగుండి, ఉంగరం వెనక వంపు కరిగిపోతే ఫోకస్ లోతు, అంటే ముందు నుంచి వెనక్కి స్పష్టంగా వచ్చే మందం, చాలలేదు. అంతా ఒకే తీరుగా కాస్త మెత్తబడి, ఫలానా చోట తప్పని వేలు పెట్టి చూపలేకపోతే ఎఫ్ నంబరు అతిగా పెంచారు. ఇవేవీ కాకుండా లోహం బూడిద పూసినట్టుంటే అసలు ఫోకస్ జోలికే వెళ్లక్కర్లేదు, తప్పు వెలుగులో ఉంది. ఒకదాని మందు మరోదానికి పనిచేయదు. కదిలిన ఫొటోకు తర్వాత కంప్యూటర్లో షార్ప్‌నెస్ పెంచితే ఆ కదలికే ఇంకాస్త స్పష్టంగా కనిపిస్తుంది!

ఎక్కువమంది వాడేది ఫోనే కాబట్టి దాని సంగతి ముందు. ప్రతి లెన్సుకూ ఇంతకన్నా దగ్గరి వస్తువును పట్టలేనన్న హద్దు ఒకటుంటుంది. సెన్సర్ (వెలుగును బొమ్మగా పట్టే చిప్) పెద్దగా ఉన్న ఫోన్లలో మెయిన్ కెమెరాకు ఆ హద్దు తరచు 10-15 సెం.మీ. దగ్గర ఉంటుంది. అది దాటి ముందుకు జరిగితే కొన్ని ఫోన్లు చెప్పాపెట్టకుండా అల్ట్రావైడ్ (ఎక్కువ వెడల్పు దృశ్యాన్ని పట్టే) లెన్సుకు మారిపోతాయి. మాక్రో (అతి దగ్గరి ఫొటోల) మోడ్ అని చెప్పుకునేది చాలా ఫోన్లలో ఇదే. 2021లో వచ్చిన ఐఫోన్ 13 ప్రోలో ఈ పద్ధతిన 2 సెం.మీ. దాకా వెళ్లవచ్చు. పువ్వుకో ఆకుకో అది బాగానే ఉంటుంది. నగకు మాత్రం అంత దగ్గర్లో ఫోన్ నీడ పడుతుంది, మెరిసే లోహంలో ఫోనే ప్రతిబింబిస్తుంది, పైగా ఉంగరం ముందు భాగం ఉబ్బి వెనక భాగం కుంచించుకుపోయి ఆకారమే మారిపోతుంది.

కాబట్టి వెనక్కి జరగాలి. 15-20 సెం.మీ. దూరంలో ఫోన్‌ను కదలకుండా ఆనించి, 2 రెట్ల జూమ్‌లో తీసి, తర్వాత కత్తిరించుకోవాలి. 4,000 పిక్సెళ్ల వెడల్పున్న మామూలు 12 మెగాపిక్సెళ్ల ఫొటోలో 20 మి.మీ. ఉంగరం ఇలా దాదాపు 600 నుంచి 750 పిక్సెళ్ల మేర వస్తుంది. తెర మీద చూడటానికైనా పత్రికలో వేయడానికైనా అది చాలు. అయితే ఆ 2 రెట్లు టెలీ (దూరాన్ని దగ్గర చేసే) లెన్సు ఇచ్చేదో, 48 మెగాపిక్సెళ్ల సెన్సర్ మధ్య భాగం నుంచి తీసుకునేదో అయి ఉండాలి. వేళ్లతో సాగదీసి తెచ్చే 5 రెట్లు, 8 రెట్లు ఉన్న పిక్సెళ్లనే ఉబ్బిస్తాయి తప్ప కొత్త వివరం ఇవ్వవు. ఫోన్ తెర మీద నగ కనిపించే చోట వేలు నొక్కి ఉంచితే ఫోకస్, వెలుతురు రెండూ లాక్ అవుతాయి. ఆ తర్వాత మెరుపులు వివరం లేని తెల్ల మచ్చలు కాకుండా వెలుతురును కాస్త కిందికి దించి, 2 సెకన్ల టైమర్ పెట్టాలి. లెన్సు మీద వేలిముద్ర జిడ్డుంటే ప్రతి మెరుపు చుట్టూ పొగ కమ్ముతుంది. దాన్ని కూడా జనం ఫోకస్ తప్పే అనుకుంటారు.

ఫోన్ కాక విడి కెమెరా వాడేవారికి 90-105 మి.మీ. మాక్రో లెన్సు సరైనది. 60 మి.మీ. లెన్సుతోనూ అంతే పెద్ద బొమ్మ వస్తుంది గానీ, నగకు మరీ దగ్గరికి వెళ్లాల్సి రావడంతో వెలుగు పెట్టడానికి చోటు మిగలదు. మాక్రో లెన్సు లేకపోతే 50 మి.మీ. లెన్సుకు 25 మి.మీ. ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ (కెమెరాకూ లెన్సుకూ మధ్య పెట్టే బోలు గొట్టం) తగిలిస్తే బొమ్మ సెన్సర్ మీద అసలు సైజులో సగం ఉంటుంది. ట్యూబ్ పొడవును లెన్సు ఫోకల్ లెంగ్త్‌తో, అంటే లెన్సుకు చెప్పే ఆ మి.మీ. అంకెతో, భాగిస్తే వచ్చే లెక్క ఇది. ట్యూబ్‌లో గాజేమీ ఉండదు కాబట్టి అదనపు గాజువల్ల వచ్చే లోపం చేరదు, వెలుతురు మాత్రం తగ్గుతుంది. ట్రైపాడ్ మీద ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 100 పెట్టుకోవాలి, టైమర్‌తోనో రిమోట్‌తోనో క్లిక్ చేయాలి, అద్దం ఉన్న కెమెరాలో మిర్రర్ లాకప్ (క్లిక్‌కు ముందే అద్దాన్ని పైకెత్తి ఉంచడం) వాడాలి. కదలిక గురించి ఇంతకన్నా చెప్పాల్సింది లేదు.

అసలు చిక్కు ఫోకస్ లోతుతోనే. ఫుల్‌ఫ్రేమ్ (36x24 మి.మీ. సెన్సర్ ఉన్న) కెమెరాలో అసలు సైజు బొమ్మకు, అంటే 1:1 దగ్గర, ఎఫ్/8లో స్పష్టంగా వచ్చే మందం సుమారు 1 మి.మీ. ఎఫ్/16కి పెంచినా 2 మి.మీ. దాటదు. ఉంగరం ముందు నుంచి వెనక దాకా 20 మి.మీ. ఉంటుంది. ఎఫ్/32కి వెళ్తే సరి అనుకుంటే అక్కడ డిఫ్రాక్షన్ అడ్డొస్తుంది. సన్నని రంధ్రం గుండా వచ్చే వెలుగు చెదరడమే డిఫ్రాక్షన్. 1:1 దగ్గర ఎఫ్ నంబరు అసలు విలువ రెట్టింపవుతుంది. మీరు పెట్టిన ఎఫ్/16 నిజానికి ఎఫ్/32లా పనిచేస్తుంది. నికాన్ కెమెరాలు తమ మాక్రో లెన్సులతో ఈ మారిన నంబరునే తెర మీద చూపిస్తాయి. చాలా కెమెరాలు పాత నంబరే చూపి ఊరుకుంటాయి, అందుకే తీసేవాళ్లకు అనుమానం రాదు. ఆ స్థితిలో ఒక వెలుగు చుక్క సెన్సర్ మీద 0.04 మి.మీ. వెడల్పు బిళ్లగా పరుచుకుంటుంది. 24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్‌లో అది ఏడు పిక్సెళ్ల వెడల్పు. లోతు కోసం వెళ్లి పదును పోగొట్టుకోవడమే.

దీనికి మూడు దారులున్నాయి. అన్నిటికన్నా తేలికైనది బొమ్మ సైజు తగ్గించడం. 1:1 బదులు సగం సైజుకు తీస్తే ఎఫ్/11లో 4 మి.మీ. దాకా లోతు దొరుకుతుంది, మిగతాది కత్తిరింపులో చూసుకోవచ్చు. రెండోది నగను తిప్పి పెట్టడం. లాకెట్, కమ్మల వంటి బల్లపరుపు నగ సెన్సర్‌కు సమాంతరంగా ఉంటే 2 మి.మీ. లోతే ఎక్కువ. సమాంతరంగా ఉందో లేదో కంటితో తేల్చడం కష్టం. నగ ఉంచే చోట చిన్న అద్దం పడుకోబెట్టి కెమెరాలోంచి చూడండి. ఫ్రేము సరిగ్గా నడుమ లెన్సు తన ముఖం తాను చూసుకుంటుంటే కుదిరినట్టు. పక్కకు జరిగి కనిపిస్తే కెమెరా వాలి ఉన్నట్టు.

మూడోది ఫోకస్ స్టాకింగ్. ఫోకస్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ అనేక ఫొటోలు తీసి, ఒక్కోదాంట్లో స్పష్టంగా ఉన్న పొరను కలిపి ఒకే బొమ్మ చేయడం ఇది. సగం సైజులో, ఎఫ్/8 దగ్గర, 1 మి.మీ. చొప్పున జరిపితే 20 మి.మీ. ఉంగరానికి 20 నుంచి 25 ఫొటోలు కావాలి. నగకు కాస్త ముందు మొదలుపెట్టి కాస్త వెనక ఆపాలి. షట్టర్, ఎఫ్ నంబరు, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ అన్నీ మాన్యువల్లోనే ఉండాలి. ఒక్కటి ఆటోలో ఉన్నా పొరలు ఒకదానితో ఒకటి కుదరవు. 1:1 కన్నా చిన్న బొమ్మలకు కెమెరాను ఫోకసింగ్ రైల్ (కెమెరాను ముందుకూ వెనక్కూ జరిపే పట్టా) మీద ముందుకు జరపడం కన్నా లెన్సు రింగు తిప్పడమే మేలు. కెమెరా జరిగితే చూసే కోణం మారి, రాయి పలకల్లోని మెరుపులు ఒక్కో ఫొటోలో ఒక్కోలా ఉంటాయి. కలిపేందుకు హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్, ఫొటోషాప్ అనే కంప్యూటర్ ప్రోగ్రాములు ఉన్నాయి. ఉంగరం మీద అడ్డంగా మసక పట్టీ వస్తే మధ్యలో ఒక పొర తప్పిపోయినట్టు, ఇంకా చిన్న అడుగులతో మళ్లీ తీయాల్సిందే. రాయిని పట్టి ఉంచే ప్రాంగుల చుట్టూ తెల్లటి నీడ వస్తే అది కలిపే పద్ధతి లోపం. వీటిలో మొదటి రెండు ప్రోగ్రాముల్లో ఒక పద్ధతి ఒకదానిమీదొకటి వచ్చే సన్నని అంచులను బాగా కలుపుతుంది, మరొకటి నున్నని లోహం రంగును బాగా కాపాడుతుంది. రెండూ చేయించి, ప్రాంగులు దీన్నుంచీ వంపు దాన్నుంచీ తీసుకుంటే సరిపోతుంది.

వెలుగు విషయంలో గుర్తుంచుకోవాల్సింది, మెరుగుపెట్టిన లోహం అద్దమని. మనం ఫొటో తీసేది లోహాన్ని కాదు, దానిలో కనిపించే గదిని. సీలింగు, కిటికీ, చొక్కా రంగు అన్నీ అందులో చిందరవందరగా పడితే కంటికి అది మసకలాగే తోస్తుంది. ట్రేసింగ్ పేపర్‌ను గరాటులా చుట్టి, పై కొనలోంచి లెన్సు చూసేలా, లోపల నగ ఉండేలా పెట్టి, బయటి నుంచి వెలుగు ఇస్తే ఆ గందరగోళం పోతుంది. ఇక్కడితో ఆపేస్తే మాత్రం లోహం తెల్లని ప్లాస్టిక్‌లా తయారవుతుంది, అంచులు తెల్లని నేపథ్యంలో కలిసిపోతాయి. అప్పుడు ఒకటి రెండు సెంటీమీటర్ల వెడల్పు నల్ల చార్టు ముక్కను గరాటు లోపలి గోడకు ఆనించి, ఉంగరం అంచు వెంట సన్నని నల్ల గీత పరిగెత్తేదాకా జరపాలి. మంచి నగల ఫొటోల్లో మనం షార్ప్‌నెస్ అనుకునేది చాలావరకు ఈ గీతే.

రాళ్ల లెక్క వేరు. మెత్తని వెలుగులో వజ్రం గాజుముక్కలా పడుంటుంది. దాని తళుకుకు చిన్న బిందువు లాంటి వెలుగు కావాలి. గరాటులో చిన్న రంధ్రం చేసి ఎల్‌ఈడీ టార్చి వేసి, కొద్ది డిగ్రీలు అటూ ఇటూ తిప్పుతుంటే ఒకచోట తళుక్కుమంటుంది. లోహానికో ఫొటో, రాయికో ఫొటో తీసి కలపడం మోసమేమీ కాదు, కన్ను రోజూ చేసే పనే. ముత్యానికి ఈ గరాటు అసలు వద్దు. ముత్యం నాణ్యత దాని మీద పడిన వెలుగు అంచు ఎంత పదునుగా ఉందన్నదాంట్లో తెలుస్తుంది. చుట్టూ తెలుపైతే అంచే ఉండదు, తెల్ల గోళీ మిగులుతుంది. ఒక పక్క నుంచి ఒకే మెత్తని వెలుగు చాలు. లెన్సుకు పోలరైజర్ ఫిల్టర్ (ప్రతిబింబాల మెరుపును తగ్గించే గాజు) తగిలిస్తే లోహం మెరుపు తగ్గుతుందనేది మరో అపోహ. మామూలు వెలుగులో అది రాళ్ల మీదా ఎనామిల్ మీదా పనిచేస్తుంది, లోహం మీద దాదాపు పనిచేయదు.

బంగారం రంగు పాలిపోవడానికి కారణం ఆటో వైట్ బ్యాలెన్స్, అంటే కెమెరా తనంతట తాను రంగులు సరిచేయడం. ఫ్రేమంతా పసుపు కనిపిస్తే కెమెరా దాన్ని వెలుగులోని లోపమనుకుని నీలం కలుపుతుంది. నగ చోట గ్రే కార్డు (కొలతకు వాడే బూడిదరంగు అట్ట) పెట్టి బ్యాలెన్స్ సరిచేసి, ఆపై మార్చకూడదు. కిటికీ వెలుగునూ గది బల్బునూ కలపకూడదు. సీఆర్ఐ (రంగులను ఎంత నిజంగా చూపుతుందో 100కి చెప్పే అంకె) 95 ఉన్న ఎల్‌ఈడీ మేలు. తెల్ల నేపథ్యాన్ని కెమెరా బూడిద చేస్తుంది కాబట్టి ఎక్స్‌పోజర్‌ను 1 స్టాప్ (అంటే వెలుతురు రెట్టింపు) పైకి, నల్ల నేపథ్యమైతే అంతే కిందికి.

దుమ్ము సంగతి ఒక్క లెక్కతో చెప్పేయవచ్చు. 24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 1:1 దగ్గర ఒక మిల్లీమీటరు దాదాపు 165 పిక్సెళ్లవుతుంది, 0.02 మి.మీ. నూగు పోగు కూడా మూడు పిక్సెళ్ల తాడై కనిపిస్తుంది. మైక్రోఫైబర్ గుడ్డ, గాలి బుడ్డి, మెత్తని బ్రష్, నూలు చేతితొడుగులు చాలు. ఉంగరం నిలబెట్టడానికి వాడే మైనం ముత్యం, ఓపల్, టర్కాయిస్‌లకు తగలనివ్వకూడదు.

చివరగా మీ పత్రికకు నేరుగా సంబంధించిన సంగతి. పోయిన నగల ప్రకటనల్లో వచ్చే ఫొటోలు అందం కోసం కాదు, గుర్తుపట్టడం కోసం. కళాఖండాలనూ పురావస్తువులనూ నమోదు చేసేందుకు 1997లో వెలువడిన ఆబ్జెక్ట్ ఐడీ అనే అంతర్జాతీయ ప్రమాణం మొత్తం వస్తువు ఫొటోతో పాటు ముద్రలు, దెబ్బలు, మరమ్మతుల దగ్గరి ఫొటోలు, పక్కన కొలబద్ద అడుగుతుంది. నగకూ అదే పద్ధతి సరిపోతుంది. ముందు వైపు, వెనక వైపు, కొక్కెం, ముద్ర తీసి పెట్టుకోవాలి. బంగారం, వెండి స్వచ్ఛతను చెప్పే 750, 916, 925 వంటి ముద్రలు ఎదురు వెలుగులో కనిపించవు. పక్క నుంచి 10-15 డిగ్రీల వాలులో టార్చి వేస్తే అంకెల గాడి నీడ తేలుతుంది. స్కేలు నగ పై భాగం ఎత్తులోనే ఉండాలి, కింద నేల మీదుంటే కొలత తప్పుతుంది.

పంపేటప్పుడు మెసేజింగ్ యాప్‌లో ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపాలి, లేదంటే సన్నని వివరమంతా కంప్రెషన్‌లో పోతుంది. న్యూస్‌ప్రింట్‌పై అంగుళానికి 200 పిక్సెళ్లు చాలు. 8 సెం.మీ. బొమ్మకు 630 పిక్సెళ్లే. సిరా పరుచుకుని నీడలు నల్లబడతాయి కాబట్టి ఫొటోను కాస్త తేలికపరిచి పంపితే మంచిది. ఫొటో అంచున ఉన్న స్కేలును అందం కోసం కత్తిరించవద్దని మీ పేజీలు పెట్టేవారికి మనవి.

ఇట్లు,
ఆభరణాల ఫొటోగ్రఫీ తెలిసిన ఒక పాఠకుడు