అగత్తి నుంచి ఫోనొస్తే ఎత్తేదెవరు?

జాతీయ జీవవైవిధ్య అథారిటీ అధ్యక్షుల వారికి, తరమణి, చెన్నై.

నమస్కారం.

మీ ఆఫీసున్న ఊళ్లోనే, పెరంబూరులో ఉంటాను. కాలేజీలో జువాలజీ చెబుతాను. మావాళ్లది శ్రీకాకుళం జిల్లా. సగం మంది రైల్వే ఉద్యోగాలకని ఇటొచ్చారు, మిగతా సగం చేపల వేటకని పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌కి వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. ఆ ఊరికి ఇప్పుడు శ్రీ విజయపురం అని పేరు మారినా మా ఇంట్లో ఎవరి నోటా ఇంకా ఆ పేరు రావడం లేదు. అండమాన్ కబుర్లు మాత్రం ఫోన్లో ఎప్పుడూ నడుస్తూనే ఉంటాయి. ఈ ఉత్తరం ఆ దీవుల గురించి, లక్షద్వీప్‌లోని అగత్తి లాంటి దీవుల గురించి: అక్కడి సముద్రంలో తేడా ఏదైనా కనిపిస్తే కబురందుకుని అందరికీ చేరవేసే ఫోను, మనుషులు కావాలని అడగడానికి. కానీ ముందు కరీబియన్ సంగతి ఒకటి చెప్పాలి.

1983 జనవరిలో పనామా తీరంలో నల్లటి పొడవాటి ముళ్లుండే సీ అర్చిన్లనే సముద్ర జీవులు చచ్చిపోవడం మొదలైంది. ఏడాది తిరిగేసరికి ఆ చావులు కరీబియన్ అంతా పాకాయి. చాలాచోట్ల నూటికి తొంభైకి పైగా పోయాయి. పగడపు దిబ్బల మీద పెరిగే నాచును మేసి అదుపులో పెట్టేది ప్రధానంగా అవే. అవి పోయాక నాచు పెరిగిపోయి కొత్త పగడాలకు చోటు లేకుండా చేసింది. ఏ దీవి దగ్గర ఎప్పుడు మొదలైందో అక్కడి మెరైన్ ల్యాబుల వాళ్లు రాసిపెట్టుకున్నారు గానీ, చంపిందేమిటో నేటికీ తేలలేదు.

2022 జనవరిలో సెయింట్ థామస్ దీవి దగ్గర మళ్లీ అలాంటి చావులే కనిపించాయి. ఈసారి దీవుల మధ్య కబురందించుకునే ఏర్పాటు ఒకటి నిలబడింది. డైవింగ్ షాపుల వాళ్లు, పార్కు సిబ్బంది, యూనివర్సిటీల వాళ్లు ఎవరు చూసింది వాళ్లు ఒకే చోటికి చేరవేశారు. జబ్బు పడిన అర్చిన్లే కాక బాగున్నవి కూడా వేర్వేరు దీవుల నుంచి శాంపిళ్లుగా ల్యాబుకు వెళ్లాయి. 2023 ఏప్రిల్‌కల్లా దోషి దొరికింది: సిలియేట్ వర్గానికి చెందిన ఏకకణ జీవి. నలభై ఏళ్లలో జన్యు పరీక్షలు చాలా మెరుగుపడ్డాయి, నిజమే. కానీ చచ్చిన అర్చిన్ నీళ్లలో ఎన్నాళ్లుంటుంది? టైముకి తీసి భద్రపరిచే మనిషి లేకపోతే ఎంత గొప్ప పరీక్షయినా దేని మీద చేస్తారు?

ఇదంతా మనకెందుకు అనుకోవద్దు. అదే సిలియేట్ 2023లో ఎర్ర సముద్రంలో, మన హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవి దగ్గర జబ్బు పడిన అర్చిన్లలో బయటపడింది. రేపు అగత్తి లగూన్‌లో, అంటే పగడపు దిబ్బ లోపలి లోతులేని నీళ్లలో, ఒక కుర్రాడికి ముళ్లు రాలిన అర్చిన్లు పది కనిపించాయనుకోండి. ఎవరికి ఫోన్ చెయ్యాలి? ఆ ఫోన్ ఎత్తినవాళ్లు పోర్ట్ బ్లెయిర్‌కి, తూత్తుకుడికి, కొలంబోకి, మాలేకి అదే రోజు కబురు పెడతారా?

మనకు సంస్థల కొరత లేదు. వండూరులో 1990 నుంచి అండమాన్ నికోబార్ ఎన్విరాన్‌మెంట్ టీమ్ ఉంది. బెంగళూరులో ఐఐఎస్‌సీ, దక్షిణ్ ఫౌండేషన్ ఉన్నాయి. మైసూరు పరిశోధకులు 1998 నుంచి లక్షద్వీప్ పగడాలను వదలకుండా చూస్తున్నారు. అగత్తి, కద్మత్, కవరత్తి దగ్గర బతికున్న పగడం 24 ఏళ్లలో దాదాపు సగానికి పడిపోయిందని చెప్పగలుగుతున్నామంటే అవే చోట్లకు మళ్లీ మళ్లీ వెళ్లి లెక్కపెట్టినందుకే. కానీ ఎవరి లెక్క వాళ్లది, ఎవరి ఫారం వాళ్లది. మన్నార్ సింధుశాఖలోని 21 దీవుల లెక్కలతో అండమాన్ లెక్కలు పోల్చి చూద్దామంటే ప్రతిసారీ తెలిసినవాళ్లను బతిమాలుకోవాల్సిందే. ప్రాజెక్టు మూడేళ్లకు ముగుస్తుంది, పిల్లలు పీహెచ్‌డీ పట్టుకుని వెళ్లిపోతారు, హార్డ్ డిస్క్ ఏ బీరువాలో ఉందో ఎవరికీ గుర్తుండదు.

ఇది మీకే ఎందుకు రాస్తున్నానో కూడా చెబుతాను. 2002 జీవవైవిధ్య చట్టం రాసినప్పుడు కేంద్రపాలిత ప్రాంతాలకు రాష్ట్ర బోర్డులు వద్దని, ఆ అధికారాలు మీ అథారిటీకే ఉండాలని 22వ సెక్షన్‌లో పెట్టారు. అవసరమైతే వేరేవాళ్లకు అప్పగించవచ్చు, అది వేరే మాట. అండమాన్, లక్షద్వీప్ రెండూ కేంద్రపాలిత ప్రాంతాలే. అంటే రాష్ట్రాల్లో అయితే అక్కడి బోర్డు మీదికి నెట్టే వీలుంది గానీ, ఈ దీవుల విషయంలో మాత్రం లేదు. ఇక పరాయి దేశపు ల్యాబుకు శాంపిల్ పంపడానికి అనుమతుల టెన్షన్ పరిశోధకులందరికీ తెలిసిందే. ప్రభుత్వం ఆమోదించిన ఉమ్మడి పరిశోధనలకు 5వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. శ్రీలంక, మాల్దీవులతో అలాంటి ఒప్పందం ఒకటి ముందుగానే కుదిర్చి పెట్టుకుంటే, జబ్బు వచ్చిన రోజున ఫైలు తెరవాల్సిన పని ఉండదు. దక్షిణాసియా దేశాల పర్యావరణ సహకార సంస్థ 1982 నుంచి కొలంబోలో ఉంది, మనం సభ్యులమే. కొత్తగా వేదిక కట్టనక్కర్లేదు.

ముప్పు సముద్రంలోంచే వస్తుందని కూడా కాదు. మా బాబాయి వాళ్ల పక్కింటాయన చేపల చెరువు పెట్టాడు. మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన చేపపిల్లల సంచి చూశారా ఎప్పుడైనా? ఆక్సిజన్ కొట్టి, మూతికి రబ్బరు బ్యాండ్లు బిగించిన పాలిథీన్ కవరు. లోపల నీళ్లు కాస్త మసగ్గా ఉంటాయి, వేళ్లంత కూడా లేని పిల్లలు వందల్లో తిరుగుతుంటాయి. వాటిలో నాలుగు తోకకప్పలుంటే ఎవరు పోల్చుకుంటారు? అండమాన్‌కి మన బోదురు కప్ప చేరింది ఎక్కువగా ఈ దారినే అంటారు. దాని తోకకప్పలు అక్కడి స్థానిక కప్పల తోకకప్పలను తినేస్తాయని ప్రయోగాల్లో తేలింది. పెద్దయ్యాక కోడిపిల్లలను కూడా వదలదని మా పిన్ని ఫిర్యాదు. ఇక్కడ వానాకాలంలో దాని అరుపు వింటే మనకు ముచ్చట, అక్కడ అది దోపిడీదారు. చెన్నై రేవులో ఓడ ఎక్కించే ముందు ఆ సంచిని ఒక తెల్లటి ట్రేలో పోసి చూడడానికి ఎంత ఖర్చవుతుంది? ఏం వెతకాలో అండమాన్‌లో పనిచేసేవాళ్లకు తెలుసు, సరుకు వెళ్లేది ఇక్కడి నుంచి. వీళ్లిద్దరినీ కలిపే తాడు లేదు.

గ్రేట్ నికోబార్ దీవిలో ఓడరేవు, విమానాశ్రయం కట్టే ప్రాజెక్టు వాదన ఈ ఉత్తరంలోకి తేను, దాని మీద నా అభిప్రాయం వేరే చోట గట్టిగానే చెబుతాను. ఒక్కటే అడుగుతాను. ఆ దీవిలోని గలథియా తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే లెదర్‌బ్యాక్ తాబేళ్లు రేపు తగ్గితే, అవి చచ్చాయా, లిటిల్ అండమాన్‌కి మారాయా అన్నది ఎలా తెలుస్తుంది? లిటిల్ అండమాన్‌లో ట్యాగ్ వేసిన తాబేళ్లు ఒకవైపు పశ్చిమ ఆస్ట్రేలియాకి, మరోవైపు మొజాంబిక్ దాకా ఈదాయి. ఒక్క తీరం నోట్‌బుక్కుతో వాటి లెక్క తేలదు.

నేను అడిగేది పెద్ద భవనం కాదు. డేటా చూసుకునే ఇద్దరు ముగ్గురు పర్మనెంట్ ఉద్యోగులు, రోజూ ఎత్తే ఫోను, అన్ని దీవులకూ ఒకటే ఫారం. ఆ ఫారం హిందీ, ఇంగ్లీషుల్లోనే ఆగిపోకూడదు. 2011 లెక్కల ప్రకారం అండమాన్‌లో నూటికి సుమారు పదముగ్గురు తెలుగువాళ్లు, వాళ్లలో వలేసేవాళ్లు చాలామంది. చచ్చిన తాబేలునైనా, తెల్లబడిన పగడాన్నైనా మొదట చూసేది వాళ్లే. అండమాన్‌లో మాయాబందర్ దగ్గరుండే కరెన్ తెగ యువకులు ఏళ్ల తరబడి పరిశోధకులకు దారి చూపిస్తున్నారు. వాళ్లకు సీజన్ కూలీ బదులు నెల జీతం ఇవ్వండి. నా దృష్టిలో డబ్బు ముందు పెట్టాల్సింది ఇక్కడే.

నీళ్లు వేడెక్కి పగడాలు తెల్లబడేది ఏప్రిల్, మే నెలల్లో. ఆ ఫోన్ నంబరు మార్చి లోపు అగత్తి జెట్టీ మీద మలయాళంలో, జంగ్లీఘాట్‌లో తెలుగులో రాయించండి. తెలుగు బోర్డు తప్పుల్లేకుండా రాసిచ్చే పూచీ నాది.

ఇట్లు,
పెరంబూరు నుంచి ఒక జువాలజీ లెక్చరర్