కండల కోసం పిల్లల కడుపులు మాడుస్తారా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం అనుబంధంలో తొంభై రోజుల్లో కండలు తెచ్చుకోవడం గురించి రంగుల బొమ్మలతో పేజీ నిండా వేశారు. బల్కింగ్ అని కొన్నాళ్ళు మెక్కడం, కటింగ్ అని కొన్నాళ్ళు కడుపు మాడ్చుకోవడం, మధ్యలో ఏదైనా తినొచ్చని ఒక చీట్ డే. పోనీలే అని నాలుగు రోజులు ఊరుకున్నాను గానీ మనసు ఒప్పక రాస్తున్నాను.

మా తమ్ముడి కొడుక్కి పందొమ్మిదేళ్ళు. ఇక్కడే బరంపురంలో ప్లస్ టూ అయ్యాక జిమ్‌లో చేరాడు. ఆరు నెలలు రోజూ పన్నెండు గుడ్లు కొట్టి పచ్చసొన సింకులో పారబోసి, తెల్లసొన పచ్చిదే తాగేవాడు. ఉడికిస్తేనే ఒంటికి బాగా పడుతుందిరా అంటే "కోచ్ చెప్పాడత్తా" అనేవాడు. తర్వాత కటింగ్ మొదలైంది. చిన్నప్పటి నుంచి ప్రాణంగా తిన్న పఖాళ, అదే నీళ్ళలో నానబెట్టిన చద్దన్నం, మానేశాడు. సంక్రాంతినాడు మా అమ్మ వడ్డిస్తుంటే కంచం పక్కన చిన్న కాటా పెట్టుకుని అన్నం తూచుకున్నాడు. ఎక్కువైందని పిడికెడు తీసి మళ్ళీ గిన్నెలో వేసేశాడు. ఆవిడ ఏమీ అనలేదు, గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ రాత్రే రెండింటికి వంటింట్లో చప్పుడైతే వెళ్ళాను. చీకట్లో నేల మీద కూర్చుని అరిసెల డబ్బా సగం ఖాళీ చేసి ఏడుస్తున్నాడు. తర్వాత రెండు రోజులు మంచినీళ్ళు తప్ప ఏదీ ముట్టలేదు, రెండు పూటలా జిమ్‌కి మాత్రం వెళ్ళాడు. చుట్టుపక్కల వాళ్ళంతా ఎంత పట్టుదలో అని మెచ్చుకున్నారు! ఆడపిల్ల తిండి మానేస్తే కంగారు పడతాం, మగపిల్లాడు మానేస్తే దీక్ష అనుకుంటాం.

డాక్టరుగారు మాత్రం ఇది జబ్బే అన్నారు. కండ ఎంత పెరిగినా అద్దంలో తనకి తాను బక్కగానే కనబడటాన్ని మజిల్ డిస్‌మార్ఫియా అంటారట.

ఇక ఆ పొడి డబ్బాలు. కండల కోసం ప్రొటీన్ పొడులు వాడొద్దని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో స్పష్టంగా చెప్పింది. మామూలు మనిషికి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ చాలు, అంటే అరవై కిలోల వాడికి యాభై గ్రాములు. కసరత్తు చేసేవాడికి ఇంకొంచెం కావాలన్నా గుడ్లు, పప్పు, ఉలవలు ఉన్నాయి, మన గంజాం తీరంలో చేపలకేం కరువు లేదు. ఇలాంటి పొడుల్లో స్టెరాయిడ్లు, హార్మోన్లు కలపకూడదని 2016 నుంచే నిబంధన ఉంది. ఉండి ఏం లాభం, దసరాకి మిఠాయి కొట్ల మీద పడే ఫుడ్ ఇన్‌స్పెక్టర్లు జిమ్ కౌంటర్లో ఏం అమ్ముతున్నారో ఒక్కసారైనా చూశారా? కాలేజీల్లో ఈ బాధ చెప్పుకుందామంటే వినే మనిషి లేడు. రోడ్లూ, కాలువలూ ఎలాగూ పట్టించుకోరు, కనీసం పిల్లల్నైనా పట్టించుకోవాలి కదా!

బలం వద్దని నేననడం లేదు. పేరుమోసిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడిది ఉత్తరాంధ్రలోని వీరఘట్టమే. ఆయన శాకాహారి అని మా నాన్న చెప్పేవారు.

మావాడిప్పుడు డాక్టరు దగ్గరకి వెళుతున్నాడు. కాటా మా అమ్మ బీరువాలో ఉంది. ఆ వ్యాసానికిచ్చినంత చోటూ ఇచ్చి ఈ జబ్బు గురించి ఒక డాక్టరు చేత రాయించండి. కింద మానసిక సమస్యలకి ఫోన్లో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలీ మానస్ నంబరు 14416 పెద్ద అక్షరాల్లో వేయండి. అది ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

- ఒక పాఠకురాలు, బరంపురం, గంజాం జిల్లా